గోడ దూకింది ఇద్దరు

లంచ్ అయిపోయింది. వీరేశం సార్ ఐదో తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన పీఈటీ సార్. కబడ్డీ టీం ఆయనదే.

"గోడ దుంకి మిర్చి బండి కాడికి పోయింది ఎవరు? కిటికీలకెళ్లి ఎవరన్న చూసిండ్రా?"

మౌనిక చేయెత్తింది. "నేను చూశాను సార్. ఆటో బ్యాచ్ రౌడీ అన్న."

ఆ నానక్‌రామ్‌గూడ బడికి అపార్ట్‌మెంట్ టవర్ల పిల్లలు బస్సులో వస్తారు. పాత ఊరి పిల్లలు షేర్ ఆటోలో వస్తారు. అందుకే బస్ బ్యాచ్, ఆటో బ్యాచ్ అని పేర్లు. తొమ్మిదో తరగతి సాయిచంద్ కనుబొమ్మలో స్టైల్‌గా గీత గీయించుకున్నాడు కాబట్టి రౌడీ కూడా అయ్యాడు. ఎవరిని కొట్టాడంటే మాత్రం ఎవరికీ తెలియదు.

"ఆడే అనుకున్న," అన్నాడు సార్. సాయిచంద్‌ను టీంలోంచి తీసేశాడు.

మర్నాడు మ్యాచ్‌కు వ్యాన్ బయలుదేరింది. అందులో కిటికీ పక్కన టీంలోని హేమంత్ కూర్చున్నాడు. అతను మౌనిక వాళ్ల టవర్‌లోనే ఉంటాడు. అతని కనుబొమ్మలోనూ గీత ఉంది.

సాయిచంద్ షూస్ చేత్తో పట్టుకుని గేటు దగ్గరే ఉండిపోయాడు. అటుగా వచ్చిన మౌనికను అడిగాడు.

"పాపా, నువ్వు చూసినవంట కదా. నాతోని హేమంత్ గూడ దుంకిండు కదా?"

నిజానికి ముందు దూకింది హేమంతే. అతని పేరు దాచాలని మౌనిక అనుకోలేదు. అసలు గుర్తే రాలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్నకు చెప్పింది. నాన్న నవ్వాడు.

"హేమంత్ దూకినాడా? టీనేజ్ కదమ్మా, ఆ వయసులో అంతే."

"మరి సాయిచంద్?"

"వాడు వేరేలే. ఇప్పట్నుంచే అట్లా తయారయినాడు."

"ఇద్దరూ ఒకే గోడ దూకినారు నాన్నా."

నాన్న పెరుగు కలుపుకోవడం ఆపాడు.

సోమవారం ప్రేయర్‌కు ముందే వెళ్లి సార్‌కు ఇద్దరి పేర్లూ చెప్పింది. సార్ విజిల్ తాడును చేతికి చుట్టుకున్నాడు.

"తప్పు నీ ఒక్కదానిది గాదు బిడ్డా. ఇంకెవరని నేను గూడ అడగలే. గాని అయిపోయిన మ్యాచ్ మళ్ల రాదు."

సాయంత్రం ఆటో దగ్గర సాయిచంద్‌కు సారీ చెప్పింది.

"ఇగ ఏం జేస్తం పాపా. నా ఆట చూస్తనని మా నాయిన ఆ దినం పనికి గూడ పోలే," అని అతను ఆటో ఎక్కేశాడు.

మౌనికకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని బస్సెక్కింది.

పక్క సీటు హరిత అడిగింది. "ఆ రౌడీతో ఏం మాట్లాడావే?"

"రౌడీ కాదు. సాయిచంద్ అన్న," అంది మౌనిక.