డూగల్ తెల్ల రాళ్ళు

మధ్యాహ్నానికే ఐల్సాకి విసుగొచ్చేసింది. సెలవుల్లో చక్రాల ఇల్లులాంటి కారవాన్‌లో ఊళ్ళు తిరుగుతున్న ఐల్సా, నాన్న ఆ రోజుకి దాన్ని వదిలి, బస్సెక్కి సముద్రం ఒడ్డునున్న సెయింట్ ఆండ్రూస్ వచ్చారు. ఎక్కడ చూసినా కూలిన గోడలే. నాన్నకేమో ప్రతి గోడా వింతే!

"తినడానికి ఫిష్ సప్పర్, అదే, చేప వేపుడు పొట్లాలు తెస్తాను. ఇక్కడే ఉండు, వెర్రి వేషాలెయ్యకు" అని నాన్న దుకాణానికి వెళ్ళాడు.

ఆ కూలిన గోడలు పాత కెథెడ్రల్‌వి, అంటే ఒకప్పటి పెద్ద చర్చివి. దాని పక్కనే శ్మశానం. అక్కడ ఓ చిన్న సమాధి ముందు తెల్ల రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. పల్చగా, నున్నగా భలే ఉన్నాయి. ఐల్సా చేతులు ఊరుకోలేదు. గోడ దాటి దిగితే హార్బర్. నీళ్ళ మీద రాళ్ళని గెంతించడంలో తనని మించినవాళ్ళు లేరని ఆమె గొప్ప.

ఎవరో పిల్లలు ఆడి వదిలేశారులే అనుకుంది. అన్నీ జేబుల్లో నింపుకుని పరుగెత్తింది. రాళ్ళు ఒక్కొక్కటే గెంతి గెంతి మునిగిపోయాయి.

తిరిగొచ్చేసరికి సమాధి ముందు ఒక ముసలావిడ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి అంతా తడుముతోంది. ఆవిడ చేతిలో ఒక తెల్ల రాయి.

"తల్లీ, ఇక్కడ ఇలాంటి రాళ్ళు చూశావా?"

"లేదు" అనేసింది ఐల్సా.

"మా అబ్బాయి డూగల్ నీ అంత ఉన్నప్పుడే పోయాడు. ఇవంటే వాడికి ప్రాణం. ప్రతి పుట్టినరోజుకీ బీచ్‌లో ఒకటి ఏరి తెచ్చి పెడతాను. ఇవాళ్టిది ఇదిగో. మిగతావన్నీ పెట్టాననే అనుకున్నాను..." ఆవిడ మళ్ళీ గడ్డి తడిమింది. "నువ్వన్నీ మర్చిపోతున్నావమ్మా అని మా అమ్మాయి అంటూనే ఉంది. నేనే ఒప్పుకోను. వాడి పుట్టినరోజులు కూడా మర్చిపోయానా?"

ఇంతలో నాన్న వేడి వేడి పొట్లాలతో వచ్చాడు. "పద పద, బస్సు టైమైంది."

ఎవరూ చూడలేదు. ఇప్పుడు వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. ఐల్సా నాన్న వెనకే నడిచింది. వెనక నుంచి ఆవిడ మాట వినిపించింది.

"క్షమించరా కన్నా. మీ అమ్మ నీ దగ్గరికి రావడం మర్చిపోయిందిరా."

ఐల్సా ఇక ఆగలేకపోయింది. వెనక్కి పరుగెత్తింది.

"మామ్మగారూ, మీరు మర్చిపోలేదు! రాళ్ళున్నాయి, చాలా ఉన్నాయి. నేనే తీసుకెళ్ళి నీళ్ళలో విసిరేశాను."

ఆవిడ తలెత్తి ఐల్సా వైపు చూసింది.

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. నాన్న పొట్లాలతో వెనక్కి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏం చేస్తే ఆ ఏడుపు ఆగుతుందో ఐల్సాకి తెలియలేదు. ఏం చేసినా ఆ రాళ్ళు తిరిగి రావు.

"ఎలా పేర్చి ఉన్నాయి?" అని అడిగింది ఆవిడ చివరికి.

"గుండ్రంగా. మధ్యలో ఒక పెద్దది."

"అది మొదటి ఏడాదిది" అంది ఆవిడ మెల్లిగా. "అయితే వచ్చానన్నమాట."

క్షమించానని ఆవిడ అనలేదు. కోట్ జేబులోంచి ఫోన్ తీసి కూతురి నంబరు నొక్కింది. "నేను చెప్తే అది నమ్మదు" అంటూ ఐల్సా చేతికిచ్చింది.

రోడ్డు మీద వాళ్ళ బస్సు వెళ్ళిపోయింది. ఐల్సా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"హలో... నా పేరు ఐల్సా. మీ అమ్మగారు ఏదీ మర్చిపోలేదండీ. నేనేం చేశానో చెప్తాను, వినండి."