అక్కడేటీ లేదన్నాడు

పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ వేలంలో కొన్న కవళ్ల చేపల్ని గంగాలమ్మ గంపలో సర్దుకుంటోంది. మొగుడు తాతబాబు గుమ్మంలో నిలబడి ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాడు. పెళ్లిళ్లకి తప్ప పెట్టెలోంచి రాని చొక్కా అది. ఇవాళ జాలరిపేటలో మీటింగు. సముద్రంలో నూనె బావి తవ్వుతామంటే జనం ఏమంటారో ఆఫీసర్లు వింటారట.

"మైకులోనే అడిగెత్తాను. మా కడుపులు కొట్టి ఎవులికి నూనె పోత్తారో సెప్పమంటాను," అన్నాడు.

లోపల జడ వేసుకుంటున్న సూర్యకళకి తగలాలనే అన్నాడు. ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం ఆ నూనె కంపెనీలోనే. ఎక్కడెక్కడ చేపల వేట సాగుతుందో పేటలన్నీ తిరిగి సర్వే చేసింది తనే.

"డీజిలు రేటు పెరిగి పడవ ఒడ్డున కట్టేసినప్పుడు ఎవర్ని తిట్టావు నాన్నా? ఎక్కడో దేశాలు కొట్టుకుంటే మన పొయ్యి ఆరిపోయింది. మన నూనె మనకుంటే తప్పేటి?"

"తవ్వుకోనీ. అంత సముద్రముంది. సేపలుండే సోటే కావాలేటి ఆళ్లకి?"

"అక్కడ చేపలున్నాయని ఎవరు చెప్పారు?"

తాతబాబు చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

"నేను సర్వేకొచ్చినప్పుడు నువ్వే అన్నావు, అక్కడేటీ లేదు, ఉత్త ఇసకేనని. నూకాలు మావయ్యా అదే అన్నాడు. పేటంతా అదే మాట. అందుకే మేప్‌లో ఆ చోటు ఖాళీగా ఉంది."

చేపలు గుమిగూడే రాతిదిబ్బ ఎక్కడుందో ఏ జాలరీ పైకి చెప్పడు. తండ్రి బిడ్డకి పడవలో, నీళ్ల మీదే చెబుతాడు, గంగమ్మ మీద ఒట్టేయించుకుని మరీ. ఎవరడిగినా ఏమీ లేదనాలి. కొడుకుల్లేని తాతబాబు, పడవలోంచి ఒడ్డు మీది కొండల్ని చూసి పట్టుకునే ఆ గుర్తులు సూర్యకళకే చెప్పాడు. సర్వే అడిగినా, పక్క పడవవాడు అడిగినా పాపం ఆయనకి ఒకటే అయింది.

"నీకు తెల్సు కదే," అని అరిచాడు. "నాను అబద్దమాడితే నువ్వు నిజం రాయాల గదా. నీకు కూడెట్టిన దిబ్బే అది."

"ఒట్టేయించుకున్నది నువ్వే నాన్నా." జడ సగంలో వదిలేసి సూర్యకళ బయటికొచ్చింది. "పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలుసు. రాస్తే నీకు మాట తప్పినదాన్నవుతానని రాయలేదు."

గంగాలమ్మ గంప వదిలేసి కూతురి పక్కన నిలబడింది.

"దాన్ని ఒగ్గీ. నువ్వు నేర్పిందే సేసింది పిల్ల."

తాతబాబు మిగతా గుండీలు పెట్టుకుని మీటింగుకి బయల్దేరాడు, వెనకే తల్లీకూతుళ్లూ.

మీటింగులో ఆఫీసరు తెర మీద మేప్ చూపించాడు. ఇక్కడ వేట లేదని మీవాళ్లే చెప్పారన్నాడు. తాతబాబు లేచి మైకు పట్టుకున్నాడు. అడగాలనుకున్నవేవీ అడగలేదు.

"స్టీల్‌ప్లాంటు పొగగొట్టాలు యారాడ కొండెనకాల దాగిపోవాల. కైలాసగిరి సిన్నగా అవుపడాల. అక్కడ దిబ్బుంది బాబూ. నాను అబద్దమాడాను. రాసుకోండి."

తాతల నాటి మాట పేటంతా వింటుండగా బయటపడిపోయింది.

"రాసుకుంటాం. కానీ రిపోర్టు ఢిల్లీ వెళ్లిపోయిందండీ," అన్నాడు ఆఫీసరు, మర్యాదగానే.

మీటింగు టెంటు బయట నూకాలు ఎదురొచ్చాడు. గంగాలమ్మకి తోడబుట్టిన అన్న.

"బావా, ఆ దిబ్బ మా అయ్య నాకూ సెప్పాడు."

"మరి ఏనాడూ అక్కడ అవుపళ్లేదేటి?"

"నీ పడవ సూసి తిరిగొచ్చీసీవోణ్ణి. మా సెల్లి ఇంటికి అదే కూడని."

తాతబాబు బావమరిది చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గంగాలమ్మ అన్న మొహంలోకి చూడలేక కొంగు నోట్లో కుక్కుకుంది. సూర్యకళ వచ్చి తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

"రిపోర్టు మళ్లీ రాయొచ్చేటమ్మా?" అనడిగాడాయన.

వెళ్లిపోయిన రిపోర్టు మళ్లీ రాయకూడదని సూర్యకళకి తెలుసు. ఉద్యోగం పోతుందనీ తెలుసు.

"రాస్తాను నాన్నా. ఆ దిబ్బ పక్కనే మీ ఇద్దరి పేర్లూ రాస్తాను," అంది.