శుక్రవారం చేప

పద్నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి ముందు వేడివేడి చేప పెట్టి తిను తిను అంటుంటే, తిననని చెప్పడానికి ఎంత నిగ్రహం కావాలో కేథరిన్‌కి ఆ శుక్రవారం తెలిసొచ్చింది.

అదీ అలాంటిలాంటి చేప కాదు. హమూర్ అనే గల్ఫ్ సముద్రపు చేప ముక్కని పిండిలో ముంచి, మిరపకాయ బజ్జీలా పొంగేదాకా వేయించి, పక్కన వేలెడు లావు చిప్స్ పోసి, నిమ్మచెక్క పెట్టి తెచ్చారు. ఆవిరి తిన్నగా ఆమె ముక్కు దగ్గరికే వస్తోంది. ఇంకెటూ పోవడం లేదు.

పొద్దున కువైట్లోని తెలుగు చర్చివాళ్లు ముప్పైమంది బస్సు మాట్లాడుకుని ముత్లా గుట్టలకి హైకింగ్‌కి వెళ్లారు. ఎక్కారు, దిగారు, మధ్యలో ఆరాధన చేసుకున్నారు. తిరిగొస్తూ షర్క్ చేపల మార్కెట్ దగ్గర బస్సు ఆపితే, ఎవరి ఆకలి కొద్దీ వాళ్లు చెదిరిపోయారు. ఈ బల్ల దగ్గర మాత్రం ముగ్గురు తేలారు. నరసాపురం నుంచి వచ్చి ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న కేథరిన్. పాలకొల్లు నుంచి వచ్చి సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా ఉన్న యెహోషువ. అదే ఇంట్లో వంటచేసే సుబ్బాయమ్మ పిన్ని.

"తినండి కేథరిన్ గారూ. చల్లారితే రబ్బరైపోద్దండి," అన్నాడు యెహోషువ.

"శ్రమకాలం కదండీ. ఈస్టరు దాకా చేప ముట్టను."

"ఏ స్వీట్లో మానేస్తారు గానీ, నరసాపురం వాళ్లు చేప మానేయడం ఎక్కడైనా ఉందాండి?"

"నాకుంది."

ఎందుకుందో అతనికి చెప్పకూడదు. చెబితే మొక్కు చెల్లదు.

ఆ మొక్కు సంగతి దేవుడికీ ఆమెకీ మాత్రమే తెలుసు. 'ఈ యెహోషువ తనంతట తాను నోరు తెరిచి నన్ను చేసుకుంటావా అని అడిగేదాకా చేప ముట్టను ప్రభువా' అని శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారంనాడు రిగ్గైలోని తన గదిలో మోకరించి మరీ చెప్పుకుంది. రెండేళ్లుగా ప్రతి శుక్రవారం చర్చి అయ్యాక అతను ఆమెతో బస్టాపు దాకా నడిచొస్తాడు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో కూడా ఆమె బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడతాడు. అక్కడ నిలబడి బస్సు నంబరు అడుగుతాడు, డ్యూటీ ఎప్పుడని అడుగుతాడు, మీ ఊళ్లో వానలు పడ్డాయా అని అడుగుతాడు. అడగాల్సింది అడగడు.

ఇవాళ గుట్టమీద గాలికి ఆమె చున్నీ ఎగిరి వెళ్లి అతని మొహానికి చుట్టుకుంది. ఇంకొకడైతే ఏమనేవాడో. ఇతను చున్నీ జాగ్రత్తగా విడదీసి ఇచ్చి, "ఉత్తరం గాలండి," అన్నాడు.

ఇప్పుడు గడువు కూడా దగ్గరపడింది. తణుకు సంబంధం వాళ్లు జవాబు అడుగుతున్నారని, ఈ సాయంత్రానికి అవునో కాదో తేల్చమని వాళ్లమ్మ రత్నమణి నిన్ననే ఫోన్ చేసింది.

"ఒక లాజిక్ చెబుతాను వినండి," అన్నాడు యెహోషువ, చిప్ ఒకటి సాసులో ముంచుతూ. "శ్రమకాలంలో ఆదివారాలు లెక్కలోకి రావు కదండి. ప్రభువు దినం. ఉపవాసం ఉండక్కర్లేదు."

"అవును. ఇవాళ శుక్రవారం."

"అక్కడికే వస్తున్నానండి. కువైట్లో మన ఆరాధన ఎప్పుడు? శుక్రవారం. సండే స్కూల్ ఎప్పుడు? శుక్రవారం. అంటే ఇక్కడ శుక్రవారమే మనకి ఆదివారం. మీరు తినేయొచ్చండి."

"అయితే గుడ్ ఫ్రైడేని గుడ్ సండే అందామా?"

సుబ్బాయమ్మకి పొలమారింది. నీళ్లు తాగి, "ఓరి నాయనా, ఈ వాదన పాస్టరుగారి ముందు పెట్టకురా, బస్సు దింపేత్తారు," అంది.

"నువ్వు తింటున్నావుగా పిన్నీ?"

"నాకు షుగరు. మాత్రేసుకున్నాక ఖాళీ కడుపుతో ఉండకూడదన్నాడు డాక్టరు." అతని పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని లేచింది. "మామా రొయ్యలు తెమ్మంది. కొనుక్కొత్తాను. మీరు ఈలోగా ఏ రోజు ఏ వారమో తేల్చుకోండి."

ఇంటి యజమానురాలిని మామా అంటారు వాళ్లు. ఆ మామాకి రొయ్యలు పడవని యెహోషువకి తెలుసు. అయినా పిన్ని ఆ మాట ఎందుకన్నదో ఆలోచించే రకం కాదతను.

ఇద్దరే మిగిలారు. కేథరిన్ ఒక చిప్ తింది. బంగాళాదుంపకి మొక్కు అడ్డం రాదు. కానీ అది కూడా చేప వేయించిన నూనెలోనే వేగింది కాబోలు, మరీ ఊరించింది.

యెహోషువ నిమ్మచెక్కని అటూ ఇటూ తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"మిమ్మల్ని ఒకటి అడగాలండి. ఏమీ అనుకోరుగా?"

ఆమె గుండె పద్నాలుగు కిలోమీటర్లలో కొట్టుకోనంత గట్టిగా కొట్టుకుంది. "అడగండి."

"నేను డ్రైవర్నని తినట్లేదాండి?"

"ఏంటీ?"

"మామా ఇంట్లో నా పళ్లెం, గ్లాసు వేరే పెడతారండి. అది అలవాటైపోయింది. మీరు నర్సు. చదువుకున్నారు. శ్రమకాలం అని మర్యాదగా చెప్పారు గానీ..." అతను నవ్వబోయి ఆగిపోయాడు. "పర్లేదండి. బస్సు దగ్గరుంటాను."

అతను నిజంగానే లేచాడు. కుర్చీ వెనక్కి జరిపాడు, టోపీ తీసుకున్నాడు. రెండేళ్లలో మొదటిసారి ఆమె బస్సెక్కక ముందే వెళ్లిపోతున్నాడు.

కేథరిన్ ఇంకేమీ ఆలోచించలేదు. పళ్లెంలో అన్నిటికన్నా పెద్ద ముక్క తీసి కొరికింది. కరకరమంది. లోపలి వేడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా నమిలింది.

"అయ్యో, ఉపవాసమండి!"

"కూర్చోండి."

కూర్చున్నాడు.

"ఆ మొక్కు పోయింది. దేవుడికి నేను సర్దిచెప్పుకుంటాను. ఆయన వింటాడు. మీకు సర్దిచెప్పడమే నా వల్ల కావట్లేదు."

"ఇంతకీ దేనికి మొక్కుకున్నారండి?"

"ఒక డ్రైవరు నోరు తెరవాలని."

అతను కాసేపు ఆలోచించాడు. "ఏ డ్రైవరండి?"

ఆమె రెండో ముక్క తీసుకుంది. తినకపోతే ఏదైనా అనేస్తానని భయమేసింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అమ్మ. చేతులకి నూనె అంటుకుందని చిటికెన వేలితో స్పీకర్ నొక్కింది.

"తణుకు వాళ్లకి ఏం చెప్పమంటావే?" అంది రత్నమణి. ఆగింది. "ఏంటి నములుతున్నావు?"

"చేపమ్మా."

"శ్రమకాలంలోనా? ఎవరు పెట్టారు?"

కేథరిన్ ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. అతని చేతిలో చిప్ సగంలో ఆగిపోయింది.

"నీ అల్లుడమ్మా."

యెహోషువ చెవులు ఎర్రబడ్డాయి. మొత్తానికి ఏ డ్రైవరో అతనికి తెలిసింది.

"ఆ బస్టాపు అబ్బాయేనా?" అంది రత్నమణి. కూతురు ఎన్నిసార్లు చెప్పిందో ఏమో. "ముల్లు తీసి పెట్టాడా, అలాగే పెట్టాడా?"

యెహోషువ ఫోన్ మీదికి వంగాడు. "ఇందులో ముల్లుండదండి అత్తయ్యగారూ. ఊరొచ్చినప్పుడు పులసకి తీసి పెడతానండి."

"పులసకా? దాని ముళ్లన్నీ తీయగలవా బాబూ?"

"లీవు రెండు నెలలుంటదండి."

ఫోన్లోంచి నవ్వు వినబడింది. తణుకు వాళ్లకి తనే చెప్పుకుంటానంది రత్నమణి. పెట్టేసింది.

అతను చెమట తుడుచుకున్నాడు. పెద్ద పని అయిపోయినట్టు వెనక్కి వాలాడు.

"మా అమ్మని అత్తయ్యన్నారు. బాగుంది," అంది కేథరిన్. "నన్నింకా అడగలేదు."

"ఇప్పుడడగనాండి?"

"త్వరగా అడగండి. నోట్లో చేప ముక్క ఉంది, కాదనలేను."

యెహోషువ వేళ్లు టిష్యూతో తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు. తల వంచుకుని, నిమ్మచెక్కతో చెబుతున్నట్టుగా, "నన్ను చేసుకుంటారాండి?" అన్నాడు.

ఆమె తలూపింది. అతను తల ఎత్తాక మళ్లీ ఊపింది. ఒక్కసారితో అతనికి అర్థమవుతుందన్న నమ్మకం ఆమెకి లేదు.