మూడో అంతస్తులో ఎడమ, కుడి

ఆ మేడలో మూడో అంతస్తుకి పేరు పాడై ఏడాది దాటింది. తాళం వేసిన వాటాలో ఎవరో మాట్లాడతారని... అదీ కరెంటు పోయి వచ్చిన సాయంత్రాల్లోనేనని చెప్పుకునేవారు. అందులో ఉన్నాయన పోయాక వచ్చి చేరినవాళ్ళే కింది వాటాల నిండా. ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆ గొంతు విననివాళ్ళూ లేరు.

అలాంటి చోటికి గడియారాలు బాగుచేసే ఆయన వెళ్ళాల్సొచ్చింది — ఒక డిస్క్ ప్లేయర్ కోసం.

ఆయన దగ్గర వాళ్ళ నాన్న పాటల డిస్క్ ఒకటి ఉంది. కొట్లో పని చేసుకుంటూ ఆ పెద్దాయన తనలో తాను పాడుకున్న పాటలు. ఇంకో కాపీ లేదు. ఇంట్లో ప్లేయరేమో నాలుగో నిమిషం దగ్గర ఒకే మాటని నత్తి నత్తిగా పలికి, ఆగిపోయేది.

"మొన్ననే కదా బావా కొత్త డబ్బా కొన్నావు. అది చాలదా?" మెట్లెక్కుతూ గొణిగాడు బావమరిది.

"డిస్క్ మీద పాట అంకెల రూపంలో ఉంటుందిరా. ఆ డబ్బా అంకెల్ని పాటగా మారుస్తుంది, అంతే. డిస్క్ మీద అంకెల్ని చదివి దానికి అందించేది ప్లేయరే కదా! వంటవాడు ఇంట్లోనే ఉన్నాడు. సరుకు ఒలకబోయకుండా మోసుకొచ్చేవాడు కావాలి, అంతే."

పోయినాయన చెల్లెలు వేరే ఊళ్ళో ఉంటుంది. మూడు ప్లేయర్లున్నాయి, నచ్చింది తీసుకోండి, తాళంచెవి రెండో అంతస్తు దర్జీ దగ్గరుందని ఫోన్లో చెప్పింది. దర్జీ చెయ్యి బారెడు చాచి తాళంచెవి ఇచ్చి, "నాకు మోకాళ్ళ నొప్పులు, మీరే వెళ్ళండి" అని తలుపేసుకున్నాడు. గడియ పెట్టిన చప్పుడు కూడా వినిపించింది.

వీళ్ళు లోపల అడుగు పెట్టారో లేదో — కరెంటు పోయింది.

"టార్చి అలా వణుకుతోందేంరా?"

"బ్యాటరీ తగ్గింది బావా..."

ఆ వణికే వెలుగులోనే ఆయన బేరం చూడ్డం మొదలెట్టాడు. మొదటిది పల్చగా, తళతళలాడుతూ ఉంది. వెనక వైరు పెట్టే సాకెట్ వదులై ఊగిసలాడుతోంది. రెండోది ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువు, కానీ డిస్క్ పెట్టే ట్రే సగంలో ఇరుక్కుపోయింది. మూడోది మూల బల్ల మీద, స్పీకర్లకి తగిలించే ఉంది. బొద్దుగా, పాతగా... దాని మీద మాత్రం దుమ్ము తక్కువగా ఉంది.

"దీన్ని ఎవరో వాడుతున్నారు బావా..." అన్నాడు బావమరిది, పెదవులు కదలకుండా.

అంతలో కింద ఎక్కడో ఫ్యాన్ తిరిగిన చప్పుడు. కరెంటొచ్చింది. ఈ గదిలో లైటు మాత్రం వెలగలేదు.

చిన్నగా... గుర్ర్ మని...

తర్వాత — గోడ పక్కన — మెల్లగా —

"ఎడమ..."

బావమరిది ఠక్కున కుడి వైపు గెంతాడు.

"కుడి..."

వాడు మళ్ళీ ఎడమకి గెంతి బావ వీపుకి కరుచుకున్నాడు. ఇద్దరూ గది నట్టనడుమ బిగుసుకుపోయారు.

"ఇప్పుడు... మధ్యలో."

గడియారాలాయన గుండె ఒక్క టిక్కు తప్పింది. కానీ జీవితమంతా చిన్న చిన్న చప్పుళ్ళు విని బతికిన మనిషి. చెవి రిక్కించాడు. ఆ గుర్రుమనే మోత తెలిసిందే — మోటారు! వంగి చూస్తే మూడో ప్లేయర్లో డిస్క్ గిర్రున తిరుగుతోంది. ముందు వైపు బుల్లి స్విచ్చి ఒకటి 'టైమర్' మీద ఉంది.

"ఒరేయ్, ఊపిరాడ్డం లేదు, వదులు! ఈ స్విచ్చి ఇలా ఉంటే కరెంటొచ్చినప్పుడల్లా డిస్క్ దానంతటదే పాడుతుంది. ఎడమ స్పీకరూ, కుడి స్పీకరూ సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూసుకోడానికి పాపం ఆ పోయినాయన రికార్డు చేసి పెట్టుకున్నట్టున్నాడు."

"నాకు ముందే తెలుసు" అన్నాడు బావమరిది, చొక్కా సర్దుకుంటూ.

లైటు వేసి ఆ డిస్క్ తీసి, నాన్న డిస్క్ పెట్టాడు. మూడు నిమిషాలు. నాలుగు... ఆ మాట వచ్చింది — నత్తి లేకుండా, నిండుగా దాటిపోయింది. నాన్న దగ్గి, నవ్వి, రెండో చరణం ఎత్తుకున్నాడు. ఆ రెండో చరణం కొడుకు విని ఎన్నేళ్ళయిందో! కళ్ళు తుడుచుకుని, వైర్లు పీకి, ప్లేయర్ని బిడ్డలా ఎత్తుకున్నాడు.

కింద దర్జీకి సంగతి చెబితే మోకాళ్ళ నొప్పి మర్చిపోయి పైకి పరుగెత్తి చూసొచ్చాడు. మర్నాటికి మేడంతా నవ్వుకుంది.

ఆ పొద్దున్నే గడియారాలాయన, పోయినాయన చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ప్లేయర్ బ్రహ్మాండంగా ఉందమ్మా. మీ అన్నయ్యగారి గొంతున్న డిస్క్ ఒకటి దొరికింది. పంపించమంటారా?"



"...ఎవరి గొంతండీ?"

"మీ అన్నయ్యగారిదే. ఎడమ, కుడి అంటూ..."

"అన్నయ్యకి పుట్టుకతోనే మాట రాదండీ" అందావిడ. "ఆ గదిలోకి తను తప్ప ఇంకెవరూ వెళ్ళేవారు కూడా కాదు..."