ఆటపెట్టెలో హాజరు

ఒంటిపూట బడులు మొదలైన వారమది. 2005, మార్చి నెల. మా వినుకొండలో ఒంటిగంట దాటితే వీధిలో కుక్క కూడా కనపడదు. కళ్లాల్లో మిరపకాయలు ఎండుతుండేవి. గాలి ఎటు తిరిగినా ఘాటే. మాకది అలవాటే.

మా అబ్బాయి మార్క్ టీవీలు బాగుచేస్తాడు. ఆ రోజు ఇద్దరు హమాలీలతో నిలువెత్తు చెక్కపెట్టె ఒకటి తెచ్చి ముందుగదిలో దించాడు.

"ఏంట్రా ఇది, బీరువానా?"

"వీడియో గేమమ్మా. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ వేసి ఆడేవాళ్ళం. నువ్వొచ్చి చెవి మెలేసి లాక్కుపోయేదానివి."

"ఇప్పుడు నీ చెవి నాకు అందదనేగా ధైర్యం?"

అప్పుడే బడినుంచి వచ్చిన మనవరాలు ఆరాధన పకపకా నవ్వింది. దానికి తొమ్మిదేళ్ళు.

చూడనివాళ్ళ కోసం చెబుతాను. పైన టీవీ తెర. నడుము ఎత్తున ఒక కర్రపిడి, ఆరు బటన్లు. కింద బిళ్ళ వేసే సందు. వెనక పెద్ద పలక, దానికి ఆరు స్క్రూలు. మార్క్ ఆ పలక ఊడదీసి, తెగిన వైర్లు అతికి, బిళ్ళ లేకుండానే ఆట మొదలయ్యేలా ఒక స్విచ్ పెట్టాడు. లోపల బ్రష్షుతో దులిపితే ఎర్రటి పొడి రాలింది.

"ఇంత కారం ఎక్కడిదిరా?"

"ఇది బస్టాండు దగ్గర షాపుదమ్మా. షాపు మూశాక వెనక మిరప గోడౌన్లో పడేశారు."

నేను చీపురు తెచ్చి ఆ పొడిని బయటికి ఊడ్చేశాను.

పలక బిగించి స్విచ్ వేశాడు. తెర వెలిగి, సన్నగా వణికింది. "వోల్టేజి చాలట్లేదు. కొట్టుకెళ్ళి స్టెబిలైజర్ తెస్తా," అని వెళ్ళాడు. వడగాలి కొడుతోందని తలుపు గడియ వేశాను.

ఆరాధన స్టూలు మీద కూర్చుని ఆడింది. వెంటనే ఓడిపోయింది. తెర మీద పది వరుసలు వచ్చాయి. ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళ పేర్లట, మూడేసి ఇంగ్లీషు అక్షరాలు. ముప్పై ఏళ్ళు హాజరు పట్టీ పిలిచిన నోరు నాది. పేర్ల వరుస కనిపిస్తే ఊరుకోదు. అదే రాగంతో చదివాను.

"కె.ఎల్.పి... ఆర్.డి.ఎస్... ఎన్.ఏ.జె..."

"ప్రెజెంట్ టీచర్."

సన్నటి గొంతు. పెట్టెలోంచి.

"నాయనమ్మా... నేననలేదు," అంది ఆరాధన.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

మిరప కోతలప్పుడు బడిలో సగం మంది పిల్లలు చేలల్లోనే ఉండేవాళ్ళు. హాజరు తగ్గితే టీచరు పోస్టు ఎత్తేస్తారు. అందుకని రాని పిల్లలకు కూడా వచ్చినట్టు వేసేవాళ్ళం. అప్పట్లో అది తప్పనిపించేది కాదు. 1995లో నా మూడో తరగతిలో నజ్మీన్ ఉండేది. కూలి చేసుకునే గౌస్ బాషా కూతురు. రోజూ బిగువుగా రెండు జడలు అల్లుకుని, పురికొసను నోటితో తడిపి ముడేసుకునేది. ఒకరోజు రాలేదు. కోతకు వెళ్ళిందనుకుని హాజరు వేశాను. చీకటి పడ్డాక గౌస్ బాషా పరుగున వచ్చాడు.

"మా పాప ఇవాళ బడికొచ్చిందా టీచరమ్మా?"

పట్టీలో వచ్చినట్టుంది. లేదంటే నా ఉద్యోగం పోతుంది. "వచ్చింది. సాయంత్రం గంట కొట్టాకే వెళ్ళింది," అన్నాను.

ఆ మాట నమ్మి బడి చుట్టూ వెతికారు. బావుల్లో వెతికారు. ఆ పిల్ల పొద్దున్నే గోడ సందులోంచి వీడియో గేములు తొంగిచూడాలని షాపు వెనక గోడౌన్లో దూరింది. బస్తాలు దించినవాళ్ళు చూసుకోకుండా తాళం వేసుకుపోయారు. మూడోరోజు శవాన్ని తీశారు. రెండోరోజు దాకా ప్రాణం ఉందన్నాడు డాక్టరు.

ఆ పిల్ల చావు ఊరంతా తెలుసు. నా అబద్ధం మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకాను. తెర ఆరిపోయింది. వెనక్కి తిరిగాను.

స్టూలు మీద పిల్ల లేదు.

గడియ వేసింది వేసినట్టే ఉంది. వంటింట్లో లేదు. మంచం కింద లేదు. కరెంటు లేని పెట్టె మీద బటన్లు మాత్రం టకటకమంటున్నాయి... ఒకటి తర్వాత ఒకటి... గది నిండా ఘాటు. మన కళ్లాల్లో వచ్చే ఘాటు కాదది. మూసిపెట్టి, మగ్గిన ఘాటు.

వెనక పలకను లోపలినుంచి ఎవరో తట్టారు.

"నాయనమ్మా... ఊపిరాడట్లేదు..."

గోళ్ళు విరిగేలా లాగాను. పలక కదలలేదు. అంతలో వీధి తలుపు దబదబ. మార్క్. గడియ తీశాను. నేను చెప్పేలోపే పెట్టెలోంచి కూతురి దగ్గు విన్నాడు. చేతిలోది కింద పడేసి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

స్క్రూలు తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి. ఊడట్లేదు. సుత్తితో బాదాడు. చెక్క మీద గీత కూడా పడలేదు.

లోపల దగ్గు సన్నబడింది. దాని వెనక ఇంకో గొంతు...

"ఆ రోజు నేను బడికొచ్చానా, టీచర్?"

మార్క్ నావైపు చూశాడు.

"రాలేదు," అన్నాను.

"వినపడలేదు. గట్టిగా చెప్పండి."

"రాలేదమ్మా నజ్మీన్! మీ నాన్నతో నేనే అబద్ధం చెప్పాను!"

"ఎందుకు?"

"నా... ఉద్యోగం కోసం."

నవ్వు వినపడింది. పసిపిల్ల నవ్వే. కానీ జాలి లేదు అందులో. ఆరు స్క్రూలూ ఒక్కసారిగా గచ్చు మీద రాలిపడ్డాయి.

ఆరాధన వైర్ల మధ్య ముడుచుకుని ఉంది. అంతా కలిపి పావుగంట కాలేదు. పిల్ల పెదాలు మాత్రం ఎండి పగిలిపోయాయి. రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగింది.

సాయంత్రం మార్క్ ఆ పెట్టెను పెరట్లో తగలబెట్టాడు. మంట ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"గౌస్ బాషా ఉన్నాడా?"

"ఉన్నాడు. ముసలాడయ్యాడు."

"వెళ్ళి చెప్పమ్మా. ఇప్పుడే."

"పొద్దుపోయింది కదరా... రేపు వెళతాలే," అన్నాను.

తలంటుదామని ఆరాధనను దగ్గర కూర్చోబెట్టుకున్నాను. అప్పుడు చూశాను. పొద్దున బడికి పంపుతూ నేను వేసింది ఒకటే జడ. ఇప్పుడు రెండున్నాయి. నుదుటి చర్మం లాక్కుపోయేంత బిగువుగా అల్లి, బస్తాలు కుట్టే పురికొసతో ముడేసి ఉన్నాయి. ఎంత విప్పినా రాలేదు. కత్తెర తెచ్చి జడలు రెండూ చెవుల దగ్గరికి కత్తిరించేశాను.

"ఎందుకు తీశావు నాయనమ్మా?" పిల్ల గుసగుసగా ఏడ్చింది. "అక్కకు కోపమొస్తుంది..."

ఆ రాత్రి దాన్ని నా పక్కలోనే పడుకోబెట్టుకున్నాను. తెల్లవారి లేపబోతూ తల నిమిరాను. కత్తిరించగా మిగిలిన ఆ బెత్తెడు జుట్టుకే రెండు జడలున్నాయి. పురికొస ఇంకా తడిగా ఉంది.