జపానోడి వాటా

రండర్రా, దగ్గరికి జరిగి కూచోండి. భానూ, తలుపు వదిలి ఇటు రా.

బాంబూఫ్లాట్ దాటాక రాళ్ల ఒడ్డున సిమెంటు బంకరు ఉంది చూశారా? యుద్ధంలో మన దీవుల్ని పట్టుకున్నప్పుడు జపాను వాళ్లు కట్టింది. చీకటి పడితే అటు ఎవరూ పోరు. తిండిలేక చచ్చిపోయిన సిపాయి ఒకడు అక్కడికి తిరిగొచ్చాడనీ... మనిషిగా మాత్రం రాలేదనీ పెద్దవాళ్ల మాట.

అందుకే మన పడవలవాళ్లు వేట పంచుకునేటప్పుడు వాడికీ ఓ వాటా తీసేవారు. పొద్దుగూకే వేళ ఆకులో అన్నం, చేపముక్క పెట్టి, "జపాను దొరా, మా వల నింపు" అనేసి వెనక్కి చూడకుండా వచ్చేయడమే. తెల్లారేసరికి ఆకు ఖాళీ!

మొన్నమొన్ననే కదా, మన కామమ్మ కొడుకు అప్పలరాముడు ఫౌజులో సిపాయి కొలువు వదిలి వచ్చేశాడు. వెళ్లినవాడు వేరు... వచ్చినవాడు వేరు. టపాకాయ పేలితే మంచం కిందికి దూరేవాడు. నిద్రలో ఎవరెవరినో పేర్లు పెట్టి పిలిచేవాడు. "వీణ్ణి పడవెక్కిస్తే వల చిరుగుద్ది" అని ఒక్కరూ వేటకి తీసుకెళ్లలేదు. ఓనాడు కనబడకుండా పోయాడు. ఎక్కడో ఉత్తరాన డిగ్లీపూర్‌లో ఎవరో చూశారంటే, కామమ్మ వెతుక్కుంటూ బస్సెక్కింది.

ఆ సాయంత్రం వాటా పెట్టే వంతు గవరయ్యది. అతని నోట విన్నదే చెప్తున్నా. ఆలస్యమైంది... చీకటి. ఆకు కింద పెడుతుంటే — లోపల దగ్గు.

గవరయ్య ఆకు వదిలేసి లేచాడు.

"కౌన్... కౌన్ హై?" ఫోను లైటు వేశాడు.

గోడకి ఆనుకుని — గడ్డం, చిరిగిన ఫౌజు చొక్కా, రెండు కళ్లు.

"లైటు తీసెయ్, చిన్నాన్నా..." గుసగుసగా అన్నాడు అప్పలరాముడు. "అమ్మకి చెప్పకు. ఇక్కడైతే నిద్ర పడతంది. అన్నం కూడా పెడతన్నారు."

గవరయ్య పరుగున వచ్చి అందరికీ చెప్పేశాడు. "అరే భయ్యా, ఇన్నాళ్లూ ఈ పిచ్చోణ్ణా మనం మేపింది!" అని ఒకటే నవ్వులు. మర్నాటి నుంచి వాటా తీయడం మానేశారు. దెయ్యమైతే వల నింపుతుంది... వీడేం ఇస్తాడు?

అప్పలరాముడు అడిగినవాటిలో ఒక్కటి మాత్రం మన్నించారు. కామమ్మకి ఎవరూ చెప్పలేదు.

ఆవిడ తిరిగొచ్చి, కొన్నాళ్లకి వాళ్ల నవ్వుల్లోనే సంగతి చెవిన పడి, అన్నం పట్టుకుని పరిగెత్తింది. బంకరు ఖాళీ.

ఇప్పుడు రోజూ ఆవిడొక్కతే పెడుతోంది. పీతలు ఈడ్చుకుపోతున్నాయి.

సరే, లేవండి. ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. దారిలో అటు చూసి భయపడకండి... అక్కడ ఎవరూ లేరు.