రేపనడం మానేసిన పిల్ల

బుధవారం, సాయంత్రం నాలుగున్నర. పొద్దుటి నుంచీ సన్నటి ముసురు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి మోరిస్‌విల్ ఊరు సగం ఖాళీ అయిపోయింది. వీధిలో కార్లు లేవు. కుక్కల్ని తిప్పేవాళ్ళూ లేరు.

త్రివేణి పప్పులో తాలింపు వేస్తుండగా పైనుంచి కూతురి కేక.

"అమ్మా! పేపర్ సబ్మిట్ చేసేశాను!"

గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది మామూలు పేపరా మరి? పోయిన సెమిస్టర్‌లో యూనివర్సిటీ వాళ్ళు అలేఖ్యని ప్రొబేషన్‌లో పెట్టారు. ఇంకొక్క సబ్జెక్ట్ పోతే ఇంటికే. తెలివి లేక కాదు. ప్రతిదీ రేపే. ల్యాబ్ రిపోర్ట్ రేపు, ప్రొఫెసర్‌కి మెయిల్ రేపు. తమ్ముడు నీరజ్ అక్కా అనడం మానేసి "రేపక్కా" అని పిలిచేవాడు.

సెప్టెంబర్ నుంచి పిల్ల మారింది. ఆన్‌లైన్‌లో ఏదో స్టడీ రూమ్‌లో చేరింది. ముక్కూ మొహం తెలియని ఇద్దరు కెమెరా ఆన్ చేసి, మైక్ ఆపేసి, ఎవరి పని వాళ్ళు చేసుకోవడం. అవతల ఒకరు చూస్తుంటే మధ్యలో లేవబుద్ధి కాదట. అలేఖ్యకి జతపడ్డ అమ్మాయి ఎప్పుడు చూసినా స్క్రీన్ మీదే ఉండేది. వంచిన తల, తెల్లటి పాపిట, కాగితం మీద కదిలే పెన్ను. మొహం ఒక్కసారీ కనబడలేదు. అన్నానికి పిలిస్తే, "తను ఇంకా లేవలేదమ్మా," అనేది అలేఖ్య, చూపు అటే పెట్టి. ఈ మూడు నెలల్లో చిక్కి సగమైంది. అయినా త్రివేణి నోరు మెదపలేదు. రేపు అనడం మానేసింది, అదే పదివేలు అనుకుంది.

ఉమాకాంత్ కారు తాళాలు తీసుకున్నాడు. "ఇండియన్ స్టోర్ ఇవాళ తొందరగా మూసేస్తాడట. ఎవరొస్తారు?"

"నేనొస్తా నాన్నా," అంటూ అలేఖ్య మెట్లు దిగింది.

నీరజ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "రేపక్క ఇవాళే కదిలిందా! అదీ సంగతి, పొద్దుట్నుంచీ వాన అందుకన్నమాట."

"నోర్ముయ్‌రా."

"వెళ్ళొస్తాం," అని ముగ్గురూ వెళ్ళారు.

కాఫీ కప్పులు తెద్దామని త్రివేణి పైకి వెళ్ళింది. ఐదింటికే చీకటి పడే రోజులు. అలేఖ్య గదిలో లైట్ లేదు. కుర్చీ ఖాళీ. ఎక్కడినుంచో, తడిసి ఆరని పాత కాగితాల వాసన. లాప్‌టాప్ తెరిచే ఉంది.

స్క్రీన్ మీద ఆ పిల్ల ఇంకా రాసుకుంటోంది.

పండగపూట. ఒక్కర్తే. ఏ తల్లి కన్న బిడ్డో. త్రివేణి ప్రాణం ఉసూరుమంది. మైక్ ఆపే ఉంది, మాట వినబడదని తెలుసు. కానీ నోటి అలవాటు ఊరుకుంటుందా? పార్సిల్ ఇచ్చిపోయే కుర్రాడిని కూడా రెండు ముద్దలు తిని వెళ్ళమనే మనిషి.

"తిన్నావా అమ్మా? ఒక్కదానివీ ఏం వండుకుంటావు? మా ఇంటికి రా. మా అమ్మాయిలాంటిదానివే నువ్వూను."

పెన్ను ఆగింది.

నెట్ ఆగిందేమో అనుకుని త్రివేణి కప్పుల కోసం వంగింది. అప్పుడు వినబడింది.

కర్... కర్...

కాగితం మీద పెన్ను చప్పుడు.

తలెత్తి చూసింది. స్క్రీన్ మీద పెన్ను కదలడం లేదు.

కర్... కర్... చప్పుడు గదిలోనే ఉంది. బట్టల క్లాజెట్ తలుపు వెనక.

ఆగింది.

"పిలిచారుగా ఆంటీ..." గుసగుస. తెలుగులో. "ఎప్పుడు రమ్మంటారు?"

ఎక్కడో అడుగున పడి ఉన్న జ్ఞాపకం పైకి తేలింది. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళ వీధిలో ఓ ఏడాది ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో 'రేపు రా' అని రాసుకున్నారు. రాత్రిపూట వచ్చిన దయ్యం అది చదువుకుని వెళ్ళిపోతుందట. మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుంటుందట. అప్పట్లో త్రివేణి పడీ పడీ నవ్వింది.

"రేపు..." వెనక్కి ఒక అడుగు వేసింది. "రేపు రా అమ్మా."

కిటికీ మీద వాన.

"అలేఖ్య కూడా అలాగే అనేది..." గుసగుసలో చిన్న నవ్వు. "నేనే మాన్పించాను."

స్క్రీన్ ఆరిపోయింది.

కిందికి ఎలా వచ్చిందో త్రివేణికి తెలియదు. ఉమాకాంత్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. స్టవ్ మీద పప్పు అడుగంటుతోంది. కట్టెయ్యాలని తోచలేదు. వీధి తలుపు దగ్గర నిలబడింది. ముగ్గురు. ముగ్గురూ వస్తే చాలు.

ఎంతసేపటికో కారు లైట్లు గోడ మీద పడ్డాయి.

తడిసిన సంచులతో ఉమాకాంత్. ఒకటి. తల విదిలించుకుంటూ నీరజ్. రెండు. అలేఖ్య. మూడు.

త్రివేణి ఊపిరి వదిలింది.

అలేఖ్య తలుపు మూయలేదు. లోపలికి వచ్చి, పక్కకి జరిగి, తలుపుని అలాగే పట్టుకుని నిలబడింది. షాపుల్లో వెనక వచ్చేవాళ్ళ కోసం పట్టుకుంటారే, అలా.

"మూసెయ్యవే, చలి."

"ఉండమ్మా."

బయట వాన తప్ప ఎవరూ లేరు.

త్రివేణి కూతురి మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఏ మాట వింటే ఒళ్ళు మండేదో, ఆ మాట కోసమే బతిమాలింది. "రేపు రమ్మను తల్లీ... నా బంగారు కదూ. నీ నోటితో ఒక్కసారి. రేపు అను."

"రే..." అంది అలేఖ్య. అక్కడే ఆగిపోయింది. మర్చిపోయిన మాటేదో వెతుక్కుంటున్నట్టు తల్లి మొహంలోకి చూసింది.

"అయినా నేను పిలవలేదమ్మా," అంది మెల్లగా. "నువ్వే పిలిచావట."

తలుపు వదిలింది. అది దానంతటదే మూసుకుంది.

"పప్పు మాడిపోతోంది త్రివేణీ!" వంటింట్లోంచి ఉమాకాంత్ అరుస్తున్నాడు.

త్రివేణి కదల్లేదు. తలుపు పక్కన పట్టా మీద విప్పిన జోళ్ళు లెక్కపెడుతోంది. తన చెప్పులు తన కాళ్ళకే ఉన్నాయి. ఉమాకాంత్‌వి ఒకటి. నీరజ్‌వి రెండు. అలేఖ్యవి మూడు. మూడు జతలూ తడిసి నీళ్ళు కారుతున్నాయి.

నాలుగో జత పొడిగా ఉంది.